అమెరికాలో రాష్ట్రం మారాలంటే ముందు ఉద్యోగమా, ఇల్లా?

న్యూజెర్సీలో ఉంటూ టెక్సస్‌లోని డాలస్‌లో ఉద్యోగం వెతుక్కునేవారికి మొదటి ఫోన్ కాల్‌లోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీరు లోకలేనా?" కాదంటే చాలు, అవతలివాళ్ల మాట పొడిబారిపోతుంది. పోనీ ముందు ఇల్లు చూసుకుని లోకల్ అయిపోదామని డాలస్‌లో ఒక అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, వాళ్లు అడిగేది పే స్టబ్ (జీతం చీటీ). నెల అద్దెకు మూడింతల జీతం చూపించమనడం అక్కడ మామూలే. జీతం చూపించాలంటే ఉద్యోగం ఉండాలి, ఉద్యోగం రావాలంటే లోకల్ అయి ఉండాలి. దీనికి తోడు ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. నర్సుకో టీచర్‌కో అయితే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్స్ కావాలి. హెచ్1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికైతే ఈ దేశంలో ఉండే అర్హతే ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది.

ఇన్ని ముడుల్లో చేతికి అందే కొస ఉద్యోగమే. అది దొరికితే మిగతావి ఒక్కొక్కటే వదులవుతాయి. ఇల్లు ముందు తీసుకుంటే మాత్రం జీతం లేని రోజుల్లో అద్దె కట్టడం తప్ప ఏదీ కదలదు. అయితే ఉద్యోగం దొరకడం అంటే ఆఫర్ లెటర్ చేతికి రావడం కాదు. ఆఫర్ వచ్చిన రోజుకూ కొత్తచోట మొదటి జీతం పడే రోజుకూ మధ్య ఉండే ఆ కొద్ది వారాల్లోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పాత ఉద్యోగానికి ఎప్పుడు రాజీనామా చేయాలి, లీజు ఎప్పుడు వదులుకోవాలి, బీమా ఎక్కడిదాకా నడవాలి అన్న వరుసే ఇందులో అసలు విషయం.

"లోకలేనా" అన్న ప్రశ్న వెనకాల

కంపెనీకి మన చిరునామాతో పెద్దగా పనిలేదు. దాని భయాలు మూడు. ఇంటర్వ్యూకి రప్పించడానికి, తర్వాత సామాను తరలించడానికి ఖర్చవుతుందేమోనన్నది ఒకటి. చేరడానికి నెలలు పడుతుందేమోనన్నది రెండోది. ఆఫర్ ఒప్పుకున్నాక ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదనో, పిల్లల స్కూలు మధ్యలో ఉందనో వెనక్కి తగ్గుతారేమోనన్నది మూడోది. అనుభవమున్న రిక్రూటర్లు ఎక్కువగా భయపడేది ఈ మూడోదానికే.

అందుకే లోకలా కాదా అన్నదానికి తేదీతో జవాబు చెప్పాలి. రెజ్యూమెలో పేరు కింద పాత ఊరి చిరునామా రాసే చోట "డాలస్‌కు మారుతున్నాను, ఆగస్టు 1 నుంచి అందుబాటులో ఉంటాను" అన్న అర్థం వచ్చేలా ఒక్క వాక్యం రాస్తే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. కారణం కూడా ఒక ముక్కలో చెప్పగలిగితే మరీ మంచిది. భార్యకు అక్కడ ఉద్యోగం వచ్చిందనో, అన్నయ్య కుటుంబం అక్కడే ఉందనో చెబితే ఈ మనిషి కచ్చితంగా వస్తాడన్న నమ్మకం కుదురుతుంది. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం కోసం చూస్తున్నట్టు పెట్టే సెట్టింగ్‌లో, ఏయే ఊళ్లలో చేయడానికి సిద్ధమో చెప్పే వీలుంది. రిక్రూటర్లు ఊరి పేరుతోనే వెతుకుతారు కాబట్టి అక్కడ డాలస్ పేరు లేకపోతే మన ప్రొఫైల్ వాళ్ల కంటపడదు.

స్నేహితుడి ఇంటి చిరునామా వేసి లోకల్ అని చెప్పేయమని సలహా ఇచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ సలహా వినొద్దనే నేను గట్టిగా చెబుతాను. రేపు పదింటికి ఆఫీసుకు రమ్మంటే ఏం చేస్తారు? బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పాత చిరునామాలన్నీ బయటికొస్తాయి. ఉద్యోగం చేతిదాకా వచ్చాక అబద్ధం బయటపడితే, ఆఫర్ వెనక్కి తీసుకోవడానికి కంపెనీకి అదొక్క కారణం చాలు. ఇంకో నష్టం కూడా ఉంది. లోకల్ అని చెప్పుకున్నవారికి తరలింపు ఖర్చులు అడిగే హక్కు పోతుంది.

బయట వెతకబోయే ముందు ఇప్పుడున్న కంపెనీనే ఒకసారి అడగాలి. కొత్త రాష్ట్రంలో దానికి ఆఫీసు ఉంటే అన్నిటికంటే సులువైన దారి అదే. ఆఫీసు లేకపోయినా ఇంటి నుంచి పనిచేయనిస్తే, కొత్త ఊళ్లో కుదురుకుని నింపాదిగా వేరే ఉద్యోగం చూసుకోవచ్చు. కాకపోతే చెప్పకుండా మారిపోకూడదు. ఉద్యోగి ఏ రాష్ట్రంలో కూర్చుని పనిచేస్తే ఆ రాష్ట్రంలో కంపెనీ పేరోల్ కోసం రిజిస్టర్ చేసుకోవాల్సి వస్తుంది. కొన్ని కంపెనీలు అందుకు ఒప్పుకోవు. న్యూయార్క్ ఆఫీసుకు చెందిన ఉద్యోగి సంగతి ఇంకో రకం. కంపెనీ అవసరం కోసం కాక మన వీలు కోసం టెక్సస్‌లో కూర్చుని పనిచేస్తే, ఆ జీతం మీద న్యూయార్క్ రాష్ట్రం పన్ను అడుగుతూనే ఉంటుంది. టెక్సస్‌కు వెళ్లాను కదా, రాష్ట్ర పన్ను లేదనుకున్నవారికి ఏడాది చివర్లో ఇది పెద్ద దెబ్బ.

ఇక జీతం ఎంత అడగాలి? కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 నుంచి, ఇల్లినాయ్, న్యూజెర్సీల్లో 2025 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంతవరకో చెప్పాలన్న చట్టాలు అమల్లో ఉన్నాయి. చిన్న కంపెనీలకు కొన్నిచోట్ల మినహాయింపు ఉంది. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. అక్కడికి వెళ్లేవారు రెండు చోట్ల చూడొచ్చు. కార్మిక శాఖలోని గణాంకాల విభాగం ఏటా నగరాలవారీగా, వృత్తులవారీగా జీతాలు ప్రకటిస్తుంది. అదే శాఖ హెచ్1బీ కోసం కంపెనీలు దాఖలు చేసిన ఎల్‌సీఏల (జీతం, పనిచేసే చోటు రాసిచ్చే దరఖాస్తుల) వివరాలు కూడా బయటపెడుతుంది. ఏ కంపెనీ, ఏ ఊళ్లో, ఏ హోదాకు ఎంత జీతం ఇస్తానని రాసిచ్చిందో అందులో కనిపిస్తుంది. వీసాతో సంబంధం లేనివారికి కూడా బేరమాడటానికి అంతకంటే గట్టి ఆధారం దొరకడం కష్టం.

ఆఫర్ వచ్చింది, ఇక రాజీనామా ఎప్పుడు?

మోంటానా తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లో ఉద్యోగం ప్రాథమికంగా "ఎట్ విల్" పద్ధతిలోనే నడుస్తుంది. చట్టం కాదన్న కారణం కానంతవరకు కంపెనీ ఎప్పుడైనా తీసేయొచ్చు, మనమూ ఎప్పుడైనా మానేయొచ్చు. ఆఫర్ లెటర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. చేరకముందే ఆఫర్ రద్దయిన సందర్భాల్లో, దాన్ని నమ్మి ఊరు మారినందుకు నష్టపరిహారం కోరే దారి కొన్ని రాష్ట్రాల్లో ఉంది కానీ అది కోర్టుల చుట్టూ తిరిగే పని. కాలిఫోర్నియా ఒక అడుగు ముందుకేసింది. ఉద్యోగం ఉందని గానీ, అది ఎలాంటిదని గానీ, జీతం ఇంతని గానీ తెలిసి తెలిసి అబద్ధం చెప్పి మనిషిని ఊరు మార్పించడాన్ని ఆ రాష్ట్ర లేబర్ కోడ్ 970వ సెక్షన్ నిషేధిస్తుంది. నష్టానికి రెండింతలు రాబట్టుకునే వీలు 972వ సెక్షన్‌లో ఉంది.

ఆఫర్ లెటర్‌లో "షరతులకు లోబడి" అన్న పేరా ఒకటుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్, రిఫరెన్సులు, కొన్నిచోట్ల డ్రగ్ టెస్ట్, కొన్నిచోట్ల లైసెన్స్. ఇవన్నీ పూర్తయ్యాయని మెయిల్‌లో రాతపూర్వకంగా వచ్చేదాకా రాజీనామా ఇవ్వొద్దు. లీజు రద్దు నోటీసు కూడా ఇవ్వొద్దు. అలా ఆగితే చేరే తేదీ వెనక్కి పోతుందని భయపడేవారు, చేరే తేదీని క్యాలెండర్ తేదీగా కాకుండా "చెక్ పూర్తయిన రోజు నుంచి మూడు వారాలకు" అని రాయించుకోవచ్చు. అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

హెచ్1బీ మీద ఉన్నవారికి వరుస ఇంకా కచ్చితంగా ఉండాలి. కొత్త కంపెనీ ముందు కొత్త ఊరి పేరుతో ఎల్‌సీఏ వేయాలి. దానికి కార్మిక శాఖ తీసుకునే గడువు ఏడు పనిదినాలు. ఆ తర్వాత ఐ-129, అంటే ఈ ఉద్యోగికి హెచ్1బీ కోరుతూ కంపెనీ వేసే పిటిషన్. అది యూఎస్‌సీఐఎస్‌కు (వలస వ్యవహారాల విభాగానికి) అందినప్పటి నుంచి కొత్త కంపెనీలో పనిచేయడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, రసీదు రాగానే చేరిపోయేవాళ్లు ఎక్కువ. రాష్ట్రం మారేవారికి నేను ఆ సలహా ఇవ్వను. అదే ఊళ్లో కంపెనీ మారితే పిటిషన్ తిరస్కరణకు గురైనా ఇల్లూ స్కూలూ ఉన్నచోటే ఉంటాయి. రాష్ట్రం దాటాక అలా జరిగితే పాత ఉద్యోగమూ ఉండదు, కొత్తదీ ఉండదు, కొత్త లీజు మాత్రం మెడకు చుట్టుకుంటుంది. రెంటికీ చెడ్డ రేవడి పరిస్థితి. అదనపు ఫీజు కట్టి తీసుకునే ప్రీమియం ప్రాసెసింగ్‌లో 15 పనిదినాల్లోపు ఏదో ఒక స్పందన వస్తుంది. అప్రూవల్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వాలనుకుంటే ఆఫర్ రోజు నుంచి రెండు నెలలు చేతిలో పెట్టుకోవాలి. ఆ మాట ఇంటర్వ్యూలోనే చెప్పేయాలి.

కంపెనీ మారకుండా ఊరు మారేవారికి కూడా ఇది వర్తిస్తుంది. మాటర్ ఆఫ్ సిమియో సొల్యూషన్స్ కేసులో 2015లో వచ్చిన నిర్ణయం ప్రకారం, పనిచేసే చోటు పాత మెట్రో ప్రాంతం దాటితే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. అదీ మారక ముందే వేయాలి. ఇంటి నుంచి పనిచేసేవారికి ఇల్లే పనిచేసే చోటు. "క్లయింట్ మారలేదు కదా, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లిపోతా" అనుకోవడం ప్రమాదం.

ముందు మానేసి, అక్కడికి వెళ్లి, 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో వెతుక్కుందామన్న ఆలోచన కొందరిలో కనిపిస్తుంది. ఆ 60 రోజులు ఉద్యోగం పోయినవారు ఊపిరి పీల్చుకోవడానికి పెట్టిన గడువు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే ముగిస్తే అన్ని రోజులు కూడా ఉండవు. పైగా ఆ గడువులోగా కొత్త కంపెనీ పిటిషనే వేసేయాలి. ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికి విద్యార్థులకిచ్చే అనుమతి) మీద ఉన్న పిల్లలకు నిరుద్యోగపు రోజుల పరిమితి మొత్తం మీద 90, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి కోర్సులవారికిచ్చే) పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. ఊరు మారే వారాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారికి కాస్త ఊరట ఉంది. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవై 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ఆరేళ్ల తర్వాతి హెచ్1బీ పొడిగింపులకు అది పనికొస్తుంది. ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మన స్థానం చెప్పే తేదీ) మనతోనే వస్తుంది. అయితే పెర్మ్ (గ్రీన్‌కార్డుకు ముందు కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) అన్నది ఒక కంపెనీకి, ఒక చోటికి కట్టుబడిన కాగితం కాబట్టి కొత్త కంపెనీలో అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఆఫర్ దశలోనే "పెర్మ్ ఎన్ని నెలలకు మొదలుపెడతారు" అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోవాలి. అన్నట్టు, వీసా మీద ఉన్నవారు ఇల్లు మారిన 10 రోజుల్లోపు ఏఆర్-11 ఫారం ద్వారా యూఎస్‌సీఐఎస్‌కు కొత్త చిరునామా తెలపాలి. రెండు నిమిషాల పని, అయినా చాలామంది మర్చిపోతారు.

పదివేల డాలర్లు అంటే పదివేలు కాదు

తరలింపు కోసం కంపెనీ ఇచ్చే సొమ్ము రెండు రకాలుగా వస్తుంది: మూవర్స్‌కు (సామాను తరలించేవాళ్లకు) నేరుగా కట్టేయడం, లేదా ఒకేసారి మన చేతికి ఇవ్వడం. 2018కి ముందు ఉద్యోగం కోసం ఇల్లు మారిన ఖర్చుకు ఫెడరల్ పన్నులో మినహాయింపు ఉండేది. 2017లో చేసిన పన్ను చట్టం దాన్ని నిలిపేసింది. 2025 చట్టం ఆ నిలుపుదలను శాశ్వతం చేసింది. సైన్యంలో, నిఘా విభాగాల్లో పనిచేసేవారికే ఇప్పుడది మిగిలింది. కాబట్టి కంపెనీ ఏ రూపంలో ఇచ్చినా అది జీతం కిందే లెక్క.

టెక్సస్‌కు వెళ్లేవారికి 10,000 డాలర్లు ఇచ్చారనుకుందాం. బోనస్‌లాంటి చెల్లింపుల మీద ఫెడరల్ పన్ను కింద సాధారణంగా 22 శాతం పట్టుకుంటారు, అంటే 2,200. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, 620. మెడికేర్ 1.45 శాతం, 145. చేతికొచ్చేది 7,035. రాష్ట్ర పన్ను ఉన్నచోటైతే ఇంకా తగ్గుతుంది. మూవర్స్ కోట్ 9,000 ఉంటే మిగతా 1,965 మన జేబులోంచే. దీన్ని పూడ్చమని అడగొచ్చు. ఆ పన్ను భారాన్ని కంపెనీయే భరించడాన్ని "గ్రాస్ అప్" అంటారు. జీతం పెంచమంటే బెట్టు చేసే మేనేజర్ కూడా దీనికి సులువుగానే ఒప్పుకోవచ్చు, ఎందుకంటే ఇది ఒక్కసారి ఖర్చు.

ఇంతకంటే జాగ్రత్తగా చదవాల్సింది తిరిగి కట్టే షరతు. ఏడాదిలోపు మానేస్తే సొమ్ము వెనక్కి ఇవ్వాలన్న మాట ఈ ఒప్పందాల్లో తరచూ ఉంటుంది. మూడు విషయాలు చూడాలి. నెలలు గడిచేకొద్దీ బాకీ తగ్గుతుందా, లేక పదకొండో నెలలో మానేసినా మొత్తం కట్టాలా? మనం మానేస్తేనే కట్టాలా, లేఆఫ్ చేసినా కట్టాలా? మన చేతికొచ్చిన 7,035 తిరిగివ్వాలా, రానేరాని 10,000 ఇవ్వాలా? ఈ మూడోదాన్ని పట్టించుకునేవారు తక్కువ. తీసుకున్న ఏడాదిలోనే తిరిగిస్తే పేరోల్ వాళ్లు లెక్క సరిచేయగలరు. క్యాలెండర్ ఏడాది దాటితే మనం ముట్టుకోని సొమ్మును కూడా కట్టి, తర్వాత ఆ పన్ను రాబట్టుకోవడానికి తంటాలు పడాలి. లేఆఫ్ చేస్తే కట్టక్కర్లేదన్న ముక్క రాయించుకోకుండా మాత్రం సంతకం పెట్టొద్దు. మన చేతిలో లేని తప్పుకు మనం బాకీ పడటం న్యాయం కాదు.

పన్ను లేని రాష్ట్రానికి వెళ్తున్నాం కాబట్టి జీతం కాస్త తగ్గినా ఫర్వాలేదన్న లెక్క కూడా తొందరపాటే. టెక్సస్‌లో జీతం మీద పన్ను లేదు కానీ ఇంటి పన్ను బరువైనది. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ విడతలవారీగా ఇచ్చే సొంత షేర్లు) ఉన్నవారైతే ఇంకోటి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియాలో పనిచేస్తుండగా ఇచ్చిన షేర్లు టెక్సస్‌కు వచ్చాక చేతికందినా, కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల వంతుకు ఆ రాష్ట్రం పన్ను అడుగుతుంది.

లైసెన్స్, బీమా

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారికి లైసెన్స్ గొడవ లేదు. నర్సులు, ఫార్మసిస్టులు, టీచర్లు మాత్రం ఉద్యోగం వేటకంటే ముందే దీన్ని మొదలుపెట్టాలి. నర్సులకు రాష్ట్రాల మధ్య ఉమ్మడి ఒప్పందం ఉంది. టెక్సస్ అందులో ఉంది, కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు. ఒప్పందంలోని ఒక రాష్ట్రం నుంచి ఇంకోదానికి మారితే పాత లైసెన్స్‌తో పని మొదలుపెట్టి, 60 రోజుల్లోపు కొత్తదానికి దరఖాస్తు చేయాలి. బయటి రాష్ట్రానికి వెళ్తే లైసెన్స్ చేతికొచ్చేదాకా డ్యూటీ ఎక్కడానికి లేదు. ఫార్మసిస్టుల ప్రధాన పరీక్ష మార్కులు బదిలీ అవుతాయి కానీ చాలా రాష్ట్రాలు చట్టాల మీద విడిగా పరీక్ష పెడతాయి. ఆ చట్టాల పరీక్షలో కాలిఫోర్నియాది పూర్తిగా సొంతది. బయటి రాష్ట్రాల లైసెన్సులను విస్తృతంగా గుర్తిస్తూ 2019లో మొదట చట్టం తెచ్చింది అరిజోనా. "లైసెన్స్‌కు దరఖాస్తు చేశాను, ఫలానా తేదీన ఫైల్ నంబర్ వచ్చింది" అని రెజ్యూమెలో ఉన్న నర్సుకు, వచ్చాక చూసుకుంటానన్న నర్సుకు రిక్రూటర్ దగ్గర చాలా తేడా ఉంటుంది.

బీమా విషయంలో రెండు గడువులు తెలిస్తే చాలు. 20 మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న కంపెనీలో మానేసినవారు కోబ్రా అనే చట్టం కింద పాత బీమానే 18 నెలలదాకా కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మొత్తం, దానిమీద 2 శాతం మనమే కట్టాలి. ఎంచుకోవడానికి 60 రోజులు ఉంటాయి, ఎంచుకుంటే పాత బీమా ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. అంటే మధ్యలో ఖాళీ మూడు నాలుగు వారాలే అయితే ఆగి చూడొచ్చు, ఆసుపత్రి అవసరం పడితేనే డబ్బు కట్టొచ్చు. కొత్త కంపెనీ బీమా మొదలుపెట్టడానికి చట్టం ఒప్పుకునే గరిష్ఠ గడువు 90 రోజులు కాబట్టి, మొదటి రోజు నుంచే వస్తుందా లేదా అన్నది ఆఫర్ దశలోనే అడగాలి. పాతది హెచ్‌ఎంఓ (ఒక ప్రాంతంలోని డాక్టర్లకే పరిమితమైన బీమా) అయితే కొత్త రాష్ట్రంలో అత్యవసర వైద్యానికి తప్ప సాధారణంగా పనికిరాదు. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు ఉన్న ఇంట్లో ఈ ఒక్క విషయం కోసమే చేరే తేదీ మార్చుకున్నా తప్పులేదు.

వెంట వెళ్లేవారి సంగతి

ఒకరికి ఆఫర్ వస్తే కదిలేది కుటుంబమంతా. ఇంట్లో రెండో ఉద్యోగం పోతే రెండో జీతం పోతుంది. అయినా మనవాళ్ల లెక్కల్లో అది చివర్లో వస్తుంది, అదీ ఎక్కువగా భార్య ఉద్యోగమే. పెరిగిన జీతంలోంచి రెండో జీతం ఆరు నెలలు రాదనుకుని తీసేసి చూస్తే, కొన్ని ఆఫర్లు లాభమే కావు. తరలింపు ప్యాకేజీల్లో జీవిత భాగస్వామికి ఉద్యోగం వెతకడంలో సాయం చేసే ఏర్పాటు పెద్ద కంపెనీల్లో ఉంటుంది. అడిగినవారికే దాని సంగతి చెబుతారు.

హైస్కూలు చివర్లో పిల్లలుంటే కాలేజీ ఫీజు కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో స్థానికుల ఫీజు రావాలంటే ప్రధానంగా ఏడాది పాటు అక్కడ నివాసం ఉండాలి. పన్నెండో తరగతి మధ్యలో మారితే పాతచోట స్థానికత పోయి, కొత్తచోట రాకుండా మధ్యలో ఇరుక్కోవచ్చు.

భాగస్వామి వెంట వెళ్లడానికి ఉద్యోగం మానేసినవారికి నిరుద్యోగ భృతి వస్తుందా అన్నది పాత రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. రోజూ వెళ్లిరాలేనంత దూరం మారాల్సి వస్తే కాలిఫోర్నియా దాన్ని సరైన కారణంగా ఒప్పుకుంటుంది. న్యూజెర్సీ ఆ సౌకర్యాన్ని సైనికుల జీవిత భాగస్వాములకే ఇచ్చింది. దరఖాస్తు చేయాల్సింది ఇప్పటిదాకా పనిచేసిన రాష్ట్రంలో, కొత్త ఊరి నుంచి ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. అందుకే రాజీనామా లేఖలో "వ్యక్తిగత కారణాలు" అని రాయకుండా, భర్తకో భార్యకో ఫలానా రాష్ట్రంలో ఫలానా తేదీ నుంచి ఉద్యోగం వచ్చినందున మారుతున్నానని స్పష్టంగా రాయాలి. భాగస్వామి ఆఫర్ లెటర్ కాపీ ఒకటి దానితో కలిపి దాచుకోవాలి. భృతి అధికారి ఫోన్ చేసి మొదట అడిగేది ఎందుకు మానేశారనే.